మేఘనాద్ సాహా: కలకత్తాలో అణుశాస్త్రానికి ఇల్లు కట్టిన శాస్త్రవేత్త

1950 జనవరి 11. కలకత్తా అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని సైన్స్ కాలేజీ ఆవరణలో కొత్తగా కట్టిన ఒక భవనానికి ప్రారంభోత్సవం. పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్. దాని వెనకున్న మనిషి ప్రొఫెసర్ మేఘనాద్ సాహా. ప్రారంభించడానికి వచ్చిన అతిథి ఐరీన్ జోలియట్ క్యూరీ. మేరీ క్యూరీ కూతురు, తల్లిలాగే రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న వ్యక్తి.

భౌతికశాస్త్ర సంస్థకు రసాయన శాస్త్రంలో నోబెల్ పొందిన మనిషి చేత రిబ్బన్ కత్తిరించడం వింతగా అనిపించవచ్చు. ఆమె ఏం చేసి ఆ బహుమతి తెచ్చుకున్నారో తెలిస్తే అందులో వింతేమీ కనిపించదు.

1934లో పారిస్‌లో ఐరీన్, ఆమె భర్త ఫ్రెడరిక్ కలిసి పలచటి అల్యూమినియం రేకుపై ఆల్ఫా కణాలు ప్రయోగించారు. పొలోనియం మూలాన్ని తీసేశాక కూడా రేకు నుంచి కిరణాలు వస్తూనే ఉన్నాయి. అల్యూమినియంలో కొంత భాగం రేడియోధార్మిక ఫాస్ఫరస్‌గా మారిందని వాళ్ల ఊహ. రుజువు చేయాలంటే ఆ ఫాస్ఫరస్‌ను విడదీసి చూపించాలి. అది తూకానికి అందేంత లేదు, కంటికి కనిపించదు. పైగా మూడు నిమిషాలలోపే అందులో సగం కరిగిపోతుంది. వాళ్లు రేకును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించారు. పైకి వచ్చిన హైడ్రోజన్‌తో పాటు ఫాస్ఫరస్ కూడా వాయువు రూపంలో బయటికి వచ్చింది. ఆ వాయువును గొట్టంలో పట్టి కొలిచే పరికరం దగ్గర పెడితే లెక్క మోగింది. అల్యూమినియం ఉన్న ద్రావణంలో చప్పుడు లేదు. అంతా కొద్ది నిమిషాల్లో అయిపోయింది. కృత్రిమ రేడియోధార్మికతకు రసాయన సాక్ష్యం దొరికింది.

కేంద్రక శాస్త్రంలో సగం పని ఇదే. ఒక ముద్దలో కోట్ల కోట్ల మామూలు పరమాణువుల మధ్య పుట్టిన గుప్పెడు కొత్త పరమాణువులను, అవి కరిగిపోయేలోపు, వేరు చేసి చూపించడం. సాహా ఈ పని చేసే రసాయనవేత్త కాదు. కానీ ఆ పని జరగడానికి కలకత్తాలో చోటు, యంత్రం, మనుషులు కావాలని పట్టుబట్టిన తొలి వ్యక్తి ఆయనే. ఆ పట్టుదలకు ఆయన చెల్లించిన ధర చిన్నది కాదు.

కిరాణా కొట్టు నుంచి

సాహా 1893 అక్టోబరు 6న ఢాకా సమీపంలోని షియోరాతలీ గ్రామంలో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జగన్నాథ్ సాహాకు చిన్న కిరాణా కొట్టు. తల్లి భువనేశ్వరీ దేవి. ఎనిమిది మంది సంతానంలో ఈయన ఐదోవారు. ప్రాథమిక చదువు అయ్యాక కొడుకు కొట్లో కూర్చుంటే చాలని తండ్రి అనుకున్నారు. పై బడి ఉన్న సిమూలియా ఊరికి పది కిలోమీటర్ల దూరం. అక్కడ అనంత కుమార్ దాస్ అనే వైద్యుడు తన ఇంట్లో ఉండనిచ్చారు. తన పళ్లెం తాను కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. ఆ షరతు మీద సాహా చదువు సాగింది.

1905లో స్కాలర్‌షిప్‌తో ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరారు. అదే ఏడాది బెంగాల్ విభజన. గవర్నర్ బ్యాంఫైల్డ్ ఫుల్లర్ రాకను నిరసించిన విద్యార్థుల్లో సాహా ఒకరు. బడి నుంచి పంపేశారు, స్కాలర్‌షిప్ పోయింది. కిశోరీలాల్ జూబిలీ స్కూల్ చేరదీసింది. 1909 ఎంట్రన్సు పరీక్షలో తూర్పు బెంగాల్ విద్యార్థుల్లో మొదటి స్థానం ఆయనదే.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ. సత్యేంద్రనాథ్ బోస్, జ్ఞానచంద్ర ఘోష్ సహాధ్యాయులు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఒక ఏడాది ముందు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ గురువులు. ఒక కళాశాలలో ఒకేసారి ఇంతమంది చేరడం మన దేశంలో మళ్లీ జరగలేదనే చెప్పాలి. అయితే ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది దాటేసే విషయం ఒకటుంది. సాహా ఉన్న ఈడెన్ హిందూ హాస్టల్‌లో అగ్రకుల విద్యార్థులు ఆయన తమ పంక్తిలో కూర్చుని తినడానికి ఒప్పుకోలేదు. సరస్వతీ పూజ దగ్గరా అవమానం ఎదురైంది. ఆయన హాస్టల్ వదిలి బయట ఉన్నారు. పరీక్షల్లో సత్యేన్ బోస్‌కు మొదటి ర్యాంకు, సాహాకు రెండోది. బీఎస్సీలోనూ అంతే, ఎమ్మెస్సీలోనూ అంతే. ఇద్దరూ జీవితాంతం స్నేహితులు.

నక్షత్రాల వెలుగును విడదీసిన సమీకరణం

1916లో అశుతోష్ ముఖర్జీ కొత్తగా నెలకొల్పిన యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో సాహా, బోస్ ఇద్దరికీ అధ్యాపక ఉద్యోగాలు వచ్చాయి. చదివింది గణితం, చెప్పాల్సింది భౌతికశాస్త్రం. యుద్ధం వల్ల పుస్తకాలు దొరకవు. ఉన్న జర్మన్ పత్రాలే తామే చదువుకుని నేర్చుకున్నారు. సాపేక్షతా సిద్ధాంతంపై ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీ పత్రాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చి 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ద్వారా ప్రచురించారు.

అదే ఏడాది సాహా పేరు ప్రపంచానికి తెలిసింది. సూర్యుడి వెలుగును పట్టకంలో చూస్తే అందులో వందల కొద్దీ నల్లటి గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి తనవైన గీతలుంటాయి. కానీ రుబీడియం, సీజియం వంటి భూమ్మీద ఉన్న కొన్ని మూలకాల గీతలు సూర్యుడిలో ఎందుకు కనబడవు? అక్కడ అవి లేవా? సాహా చెప్పిన జవాబు వేరు. ఉన్నాయి, కానీ ఆ వేడికి వాటి ఎలక్ట్రాన్లు ఊడిపోయి అయాన్లుగా మారాయి, అందువల్ల గీతలు మారిపోయాయి. ఏ ఉష్ణోగ్రత, ఏ పీడనం దగ్గర ఏ మూలకం ఎంత శాతం అయాన్‌గా మారుతుందో లెక్కగట్టే సమీకరణం ఇచ్చారు. సూర్యుడి మచ్చలు చుట్టుపక్కల కంటే చల్లగా ఉంటాయి కనుక రుబీడియం అక్కడ కనబడాలన్నారు. అమెరికాలో హెన్రీ నారిస్ రస్సెల్ మౌంట్ విల్సన్ ఫొటోల్లో వెతికితే నిజంగానే కనబడింది. 1925లో సిసీలియా పేన్ ఈ సమీకరణం ఆధారంగానే నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజన్, హీలియం అని తేల్చారు.

కలగాపులగంగా ఉన్న ఒక నమూనాలో ఏముందో, ఎంత ఉందో, ఎందుకు కనిపించడం లేదో తేల్చడం ఆయన శాస్త్రానికి మూలం. తరువాతి ముప్పై ఏళ్లలో ఆయన వెళ్లిన దారికి ఇది దూరమేమీ కాదు.

లండన్‌లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర, బెర్లిన్‌లో నెర్న్స్ట్ ప్రయోగశాలలో కొంతకాలం ఉండి వచ్చారు. 1923 నుంచి 1938 దాకా అలహాబాద్. 1927లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. విద్యార్థులను తయారు చేశారు. 1935లో సైన్స్ అండ్ కల్చర్ పత్రిక మొదలైంది. అలహాబాద్‌లో ఉండగానే ఆయన చూపు నక్షత్రాల నుంచి కేంద్రకం మీదికి మళ్లింది. శిష్యుడు దౌలత్ సింగ్ కొఠారీతో కలిసి 1934లో బీటా కిరణాలపై ఒక పత్రం రాశారు. 1938లో పాలిత్ ప్రొఫెసర్‌గా కలకత్తాకు తిరిగి వచ్చారు.

ఒక రసాయన పరీక్ష తెచ్చిన మలుపు

సాహా కలకత్తా వచ్చిన ఏడాది చివరలోనే బెర్లిన్‌లో ఒటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియంను న్యూట్రాన్లతో కొట్టి, పుట్టినవాటిని రసాయన పద్ధతుల్లో విడదీస్తున్నారు. ఒక పదార్థం బేరియంతో పాటు అవక్షేపంగా దిగింది. రేడియం కూడా బేరియంలాగే ప్రవర్తిస్తుంది కనుక అది రేడియమే అనుకున్నారు. మేరీ క్యూరీ పిచ్‌బ్లెండ్ నుంచి రేడియంను తీయడానికి వాడిన పద్ధతిలోనే, మళ్లీ మళ్లీ స్ఫటికాలు కట్టించి బేరియం నుంచి వేరు చేయాలని చూశారు. వేరు కాలేదు. ఎన్నిసార్లు చేసినా కాలేదు. కారణం ఒకటే కావాలి: అది రేడియం కాదు, బేరియమే. యురేనియం కేంద్రకం రెండుగా చీలిపోయిందన్న మాట. అణువిచ్ఛిత్తి ప్రపంచానికి తెలిసింది విఫలమైన ఒక వేర్పాటు ప్రయత్నం వల్ల.

కొద్ది నెలల ముందు ఐరీన్ కూడా పావ్లె సావిచ్‌తో కలిసి ఇదే అంచుకు వచ్చారు. యురేనియంలో మూడున్నర గంటల అర్ధజీవితం ఉన్న ఒక పదార్థం కనిపించింది, అది లాంథనంలాగా ప్రవర్తిస్తోంది. లాంథనమే అన్న మాట వరకు మాత్రం వెళ్లలేదు.

ఈ కబుర్లు కలకత్తా చేరగానే సాహా చేసిన మొదటి పని సిలబస్ మార్చడం. 1940లోనే ఎమ్మెస్సీ భౌతికశాస్త్రంలో కేంద్రక భౌతికశాస్త్రాన్ని చేర్చారు. రెండోది సైక్లోట్రాన్. కణాలను అయస్కాంత క్షేత్రంలో గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచి లక్ష్యాన్ని కొట్టే ఈ యంత్రాన్ని బర్క్‌లీలో ఎర్నెస్ట్ లారెన్స్ తయారు చేశారు. రేడియం మూలంతో పుట్టించగలిగే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కొత్త ఐసోటోపులు దానితో పుడతాయి. అది ఉంటే వైద్యానికి, వ్యవసాయ పరిశోధనకు, రసాయనానికి కావలసిన రేడియోధార్మిక పదార్థాలను మన దేశంలోనే చేసుకోవచ్చు. సాహా తన శిష్యుడు బాసంతీ దులాల్ నాగ్ చౌధురిని లారెన్స్ దగ్గరికే పంపారు. నెహ్రూ అండగా నిలిచారు, టాటాల ట్రస్టు 60 వేల రూపాయలిచ్చింది.

1941లో నాగ్ చౌధురి తిరిగొచ్చారు. యంత్ర భాగాలు కొన్ని చేరాయి. వాక్యూమ్ పంపులు మాత్రం చేరలేదు. వాటిని తెస్తున్న ఓడ యుద్ధంలో మునిగిపోయింది. ఆ తరువాతిదంతా ఎదురుచూపులే. సైక్లోట్రాన్ లోపల గాలి దాదాపు శూన్యం కావాలి. ఆ పంపులు అప్పటి భారతదేశంలో ఎవరూ చేయరు. యుద్ధకాలంలో బయటి నుంచి రావు. సొంతంగా చేసుకుందామంటే దానికి కావలసిన పరిశ్రమే లేదు. బర్క్‌లీలో నెలల్లో అయ్యే పని కలకత్తాలో ఏళ్లు పట్టింది. సాహా బతికి ఉండగా ఆ యంత్రం పరిశోధకులు నమ్మకంగా వాడుకునే స్థితికి రాలేదు. ఇది సాహా ప్రణాళికా లోపమని అప్పట్లో విమర్శించినవాళ్లున్నారు. చిన్న యంత్రంతో మొదలుపెట్టాల్సిందన్న మాటలో కొంత నిజం ఉంది కూడా. కానీ పంపు కూడా దొరకని దేశంలో యంత్రం కట్టాలనుకోవడం వల్లే పంపులు చేయగలిగే మనుషులు తయారయ్యారన్నదీ అంతే నిజం. ఈ ప్రయోగశాలలోనే నీరజ్ నాథ్ దాస్‌గుప్తా దేశంలో తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును నిర్మించారు.

1948 ఏప్రిల్‌లో సంస్థ భవనానికి శ్యామా ప్రసాద్ ముఖర్జీ శంకుస్థాపన చేశారు. రెండేళ్లు తిరగకముందే ఐరీన్ వచ్చి ప్రారంభించారు.

బొంబాయి దారి, కలకత్తా దారి

సంస్థ తలుపులు తెరుచుకునే నాటికే దేశ అణు కార్యక్రమం వేరే చోటికి వెళ్లిపోయింది. 1945లో హోమీ భాభా నాయకత్వంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ మొదలైంది. 1948 ఆగస్టులో అణుశక్తి కమిషన్ ఏర్పడింది. అధ్యక్షుడు భాభా, సభ్యులు శాంతిస్వరూప్ భట్నాగర్, కె.ఎస్. కృష్ణన్. సాహాకు చోటు లేదు.

ఆయన అభ్యంతరం పదవి దక్కనందుకు మాత్రమే అనుకుంటే పొరపాటు. కమిషన్ వద్దని ముందే నెహ్రూకు చెప్పిన వ్యక్తి ఆయన. ముందు విశ్వవిద్యాలయాల్లో కేంద్రక శాస్త్రం నేర్పాలి, పరిశ్రమ పునాది వేయాలి, మనుషులు తయారయ్యాక కమిషన్ పెట్టవచ్చు అన్నది ఆయన వాదన. బోధన నుంచి వేరుచేసి, రహస్యపు గోడల మధ్య, ఒకే ఊళ్లో డబ్బంతా పోస్తే విశ్వవిద్యాలయాలు ఎండిపోతాయని ఆయన భయం. నెహ్రూ భాభా మాట విన్నారు. అప్పటికి ప్లానింగ్, నదీ లోయల పథకాల విషయంలో నెహ్రూకు సాహాకు మధ్య ఉన్న చనువు కూడా తగ్గుతూ వచ్చింది.

భాభాది సంపన్న కుటుంబం, కేంబ్రిడ్జ్ చదువు, ప్రధానితో దగ్గరి స్నేహం. సాహాది పల్లెటూరి కిరాణా కొట్టు, పదునైన నాలుక. ఇద్దరి మధ్య తగాదాను ఇలా మనస్తత్వాలకు, పుట్టుకకు కుదించి చెప్పేవాళ్లు చాలామంది. అది కథను తేలిక చేస్తుంది గానీ, అసలు ప్రశ్నను దాచేస్తుంది. ఖరీదైన శాస్త్రం పేద దేశంలో ఎక్కడ ఉండాలి, ఎవరికి జవాబు చెప్పాలి? తెలుగువాళ్లకు ఇది పరాయి ప్రశ్న కాదు. గొరగనమూడి నుంచి బయల్దేరి యూరప్, అమెరికాల్లో కేంద్రక భౌతికశాస్త్రం చదివి వచ్చిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాస్త్రానికి ప్రయోగశాల కట్టారు. వాల్తేరులో ఆయన చేసిందీ సాహా కోరిన తరహా పనే.

వినేవాళ్లు లేని చోట సాహా వేరే వేదిక వెతుక్కున్నారు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో కలకత్తా నార్త్ వెస్ట్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభకు వచ్చారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల గురించి, వరదల గురించి, విద్య గురించి మాట్లాడారు. 1954 మే 10న అణుశక్తిపై చర్చ జరిగింది. రహస్య నిబంధనలు పరిశోధనను నొక్కేస్తున్నాయని, ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్తలకు, విశ్వవిద్యాలయాలకు ఉన్న పాత్ర ఇక్కడ లేదని ఆయన విమర్శించారు. ప్రధానమంత్రి చేతిలోనే ఉన్న విషయంపై సభలో సాంకేతిక వివరాలతో నిలదీయగలిగిన సభ్యుడు అప్పట్లో ఇంకొకరు లేరు. తరువాత కూడా ఎక్కువమంది రాలేదు.

అదే కాలంలో ప్రభుత్వం అప్పగించిన పంచాంగ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. దేశంలో వాడుకలో ఉన్న ముప్పైకి పైగా పంచాంగాలను పరిశీలించి, శక సంవత్సరం ఆధారంగా జాతీయ పంచాంగాన్ని ప్రతిపాదించారు. అది 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్లానింగ్ కమిషన్ కార్యాలయానికి నడిచి వెళుతూ గుండెపోటుతో కుప్పకూలారు. వయసు 62. నెల రోజుల తరువాత, మార్చి 17న, ల్యుకేమియాతో పారిస్‌లో ఐరీన్ కన్నుమూశారు.

ఆయన తరువాత

సంస్థ పేరును సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్‌గా మార్చారు. అది ఇప్పుడు నడిచేది అణుశక్తి శాఖ ఇచ్చే నిధులతోనే. సాహా ఎవరితో పోట్లాడారో వారి గొడుగు కిందికే చేరింది. దీన్ని ఓటమి అనాలో, గెలుపు అనాలో చెప్పడం కష్టం. సైన్స్ కాలేజీ ఆవరణ దాటి సంస్థ సాల్ట్ లేక్‌కు వెళ్లింది. ఆ పక్కనే వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ వచ్చింది. 1977లో అక్కడి యంత్రంలో తొలి కణపుంజం తిరిగింది. సాహా పదిహేనేళ్లు ఎదురుచూసిన వనరు ఆయన ఊళ్లోనే, ఆయన పేరున్న సంస్థకు అడుగుల దూరంలో దొరికింది.

సాహా సంస్థ రసాయనవేత్తలు ఈ సైక్లోట్రాన్‌లో కొట్టిన లోహపు రేకులను కరిగించి, వాటిలో పుట్టిన అతి తక్కువ పరిమాణపు ఐసోటోపులను విడదీసే పని దశాబ్దాలుగా చేస్తున్నారు. ఐరీన్ 1934లో వాయువును పట్టి చేసిన పనే, పద్ధతి మారింది. ఆమ్ల ద్రావణంలో ఉన్న మూలకాన్ని, నీటితో కలవని సేంద్రియ ద్రవంలోకి లాగడం ఒక మార్గం. మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌తో యురేనియంను శుద్ధి చేసేది ఇలాగే. అక్కడ టన్నుల లెక్క. ప్రయోగశాలలో కంటికి ఆనని పరిమాణం, పక్కపక్కనే ఉండే మూలకాలు, ఒక్కసారి లాగితే సరిగా విడిపోవు. వందసార్లు లాగాలి.

దానికి 1950ల చివర్లో పోలండ్ రసాయనవేత్తలు ఒక ఉపాయం చూపారు. అదే ఎక్స్‌ట్రాక్షన్ క్రోమటోగ్రఫీ. ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ వంటి సేంద్రియ ద్రవాన్ని సన్నటి గింజల పైన పలచగా పట్టించి, ఆ గింజలను వేలెడంత గాజు గొట్టంలో నింపుతారు. పై నుంచి ఆమ్లంలో కరిగిన నమూనా పోస్తారు. కావలసిన మూలకం గింజలను పట్టుకుని ఆగిపోతుంది, మిగిలినవి కిందికి కారిపోతాయి. తరువాత ఆమ్లం గాఢత మార్చి పోస్తే పట్టుకున్నది వదిలేస్తుంది. ద్రావణం గొట్టం దిగేలోపు ప్రతి గింజ దగ్గరా ఒకసారి లాగుడు, ఒకసారి విడుపు జరుగుతాయి. వందసార్లు చేయాల్సింది ఒక్క పోతలో అయిపోతుంది. మట్టిలో ప్లుటోనియం, పాలలో స్ట్రాన్షియం, మూత్రంలో అమెరీషియం వెతకాల్సి వచ్చినప్పుడు ఈనాడు ప్రపంచమంతా ముందు వాడేది ఇలాంటి గొట్టాలనే.

2018లో కలకత్తా శివార్లలోని చక్‌గరియాలో మెడికల్ సైక్లోట్రాన్ పని మొదలుపెట్టింది. సైక్లోట్రాన్‌లో తయారు చేసి గుండె పరీక్షలకు వాడే థాలియం 201 సంగతే తీసుకుంటే, దాన్ని చేయడం తమాషా పని. లక్ష్యంగా పెట్టేదీ థాలియమే, కావలసిందీ థాలియమే. ఒకే మూలకం కనుక రసాయనం ఆ రెండింటినీ విడదీయలేదు. అందుకని ప్రోటాన్లతో కొట్టి ముందు సీసం 201 పుట్టిస్తారు. థాలియం లోంచి సీసాన్ని విడదీసి పక్కన పెడతారు. తొమ్మిదిన్నర గంటలకు సగం చొప్పున ఆ సీసం తనంతట తాను థాలియం 201గా మారుతుంది. అప్పుడు మళ్లీ గొట్టంలో పోసి, ఈసారి సీసంలోంచి థాలియంను తీస్తారు. దానికి మూడు రోజుల అర్ధజీవితం. సీసాలో పెట్టి ఆసుపత్రికి పంపడానికి అంత సమయమే ఉంటుంది.